నౌపడలో బండి మారినట్టు

మా పర్లాకిమిడి బజారులో రాగులు కావాలంటే తెలుగు కొట్లో "చోళ్లు" అంటాం, ఒడియా కొట్లో "మాండియా" అంటాం. అమ్మకి ఎప్పుడూ "చోడి అంబలే". స్కూల్లో మొదటిసారి "రాగులు" అని చదివినప్పుడు అదేదో వేరే ధాన్యం అనుకున్నాను. ఈ చిన్న తికమక మీద నేను రాసిన ఒక పోస్టు వల్లే సోషల్ నెట్‌వర్కుల మధ్య వంతెనల సంగతి నేర్చుకోవాల్సి వచ్చింది. చాలా నెలలు పట్టిన పని అది. నాలాగే చుట్టాలూ స్నేహితులూ రెండు మూడు చోట్ల చెదిరిపోయిన తెలుగువాళ్లకి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మేం ఇటు వచ్చాం, చుట్టాల్లో సగం మంది అటు ఉండిపోయారు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు మేష్టారుగా పనిచేసిన ఊరు ఇది. సవర భాష నేర్చుకున్నదీ, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పట్టుబట్టిందీ ఇక్కడ ఉన్న రోజుల్లోనే. మా నాన్న కూడా తెలుగు మేష్టారే. ఆయన పోయాక బీరువాలో రెండు నోటుపుస్తకాలు దొరికాయి. నిండా మాటలు. గెడ్డ, బుగత, కంబారి, అంపకం, చోడి. ఒక్కో మాట పక్కన ఎవరి నోట విన్నారో, ఏ ఊళ్లో విన్నారో రాసుకున్నారు. కొన్నింటి పక్కన ప్రశ్న గుర్తు ఉంది. ఆ ప్రశ్నలు ఆయన ఎవరినీ అడగలేకపోయారు. నేను అడుగుదామని మొదలుపెట్టాను: రోజుకి ఒక మాట, దాని కింద "మీ వైపు ఏమంటారు?" అని.

మొదట ఒక దేశీ యాప్‌లో రాశాను. పదకొండు నెలలు రాశాక ఆ యాప్ మూతపడింది. నాన్న మాటలకి ఏం కాలేదు, పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. పోయింది జనం ఇచ్చిన జవాబులు. సోంపేట నుంచి ఒకాయన "అంపకం" మీద రాసిన పెద్ద జవాబు ఉండేది, వాళ్ల అక్క అత్తారింటికి వెళ్లిన రోజు బండిలో ఏమేం పెట్టారో అన్నీ వరసగా చెప్పారు. దాన్ని దాచుకోలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ట్విట్టర్ లాంటి నెట్‌వర్కు మాస్టడాన్ పేరు నేను 2019 నవంబరులోనే విన్నాను. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ ఆపేసినప్పుడు మన దేశంలో చాలామంది అటు వెళ్లారు. అప్పుడు పట్టించుకోలేదు. 2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారాక మళ్లీ ఆ పేరు వినబడింది, ఈసారి వెళ్లాను. అక్కడ నాకు నచ్చింది ఒకటే. అది ఒక కంపెనీ యాప్ కాదు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రాడు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడుకోవచ్చు. జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ వెళ్లినట్టే. ఒక మలయాళీ ఆయన నడిపే చిన్న సర్వర్‌లో చేరాను. ఒక సర్వర్ మూతపడినా ఊరంతా చీకటైపోదు కదా అన్నది నా ధైర్యం.

ఏడాదిన్నర బాగానే సాగింది. నలభై, యాభై మంది చదివేవారు. 2024 ఫిబ్రవరిలో బ్లూస్కై అనే ఇంకో నెట్‌వర్కు అందరికీ తలుపులు తీసింది, అంతకుముందు ఆహ్వానం ఉంటేనే రానిచ్చేవారు. మా పెద్దమ్మగారబ్బాయి, రాయగడలో ఉంటాడు, అందులో చేరాడు. వాడి స్నేహితులు చేరారు. మహారాష్ట్రలో సిరోంచ, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లు కొందరు అక్కడ తగిలారు. "నువ్వే ఇటు రా చెల్లీ" అని అన్నయ్య, "మీరే ఇటు రండి" అని నేను. ఎవరం కదల్లేదు. చివరికి రెండు చోట్లా ఖాతా పెట్టుకుని, పొద్దున్నే ఒకే మాటని రెండుసార్లు పెట్టడం మొదలుపెట్టాను.

పని రెట్టింపు అవడం పెద్ద బాధ కాదు. బాధల్లా మాట రెండు ముక్కలు కావడం. "చోడి" పెట్టిన రోజు మాస్టడాన్‌లో నిజామాబాద్ ఆయన ఒకరు "దీన్ని ఇంకెక్కడైనా వేరేగా అంటారా?" అని అడిగారు. అదే సమయంలో బ్లూస్కైలో ధర్మాబాద్ అమ్మాయి ఒకామె "మా దగ్గర తైదలు అంటారు, మరాఠీ వాళ్లు నాచణి అంటారు" అని రాసింది. ప్రశ్న ఒక గదిలో, జవాబు పక్క గదిలో. మధ్యలో నేను.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. ఆమె జవాబుని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి, పేరూ ఫొటోతో సహా మాస్టడాన్‌లో పెట్టేశాను. మంచి మాటే కదా, అందరికీ తెలియాలి అనుకున్నాను. ఆ సంగతి ఎవరో ఆమెకి చెప్పారు. మర్నాడు నాకు మెసేజ్ వచ్చింది: "అక్కా, నేను మీకు చెప్పిన. వేరే జాగల పెట్టమని చెప్పలే కదా." కోపంగా కూడా లేదు, నొచ్చుకున్నట్టు ఉంది. వెంటనే తీసేసి క్షమించమన్నాను. "పర్వాలేదు" అంది గానీ ఆ తర్వాత నా పోస్టుల కింద ఆమె రాయలేదు. నోరు విప్పిన మనిషి నా వల్ల మూసుకుందే అని చాలా రోజులు మనసు పీకింది. కాపీ చేసి అంటించే పద్ధతి ఆరోజే మానేశాను. ఈ రెండిటినీ సవ్యంగా కలిపే దారి ఉందా అని వెతకడం మొదలుపెట్టాను.

నేను డిగ్రీ పిల్లలకి కంప్యూటర్ ట్యూషన్ చెప్తాను, కాబట్టి సాంకేతిక భాష చూసి బెదరలేదు. అయినా అర్థం కావడానికి పది రోజులు పట్టింది. మాస్టడాన్ వాడేది యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ దాన్ని 2018 జనవరిలో ఆమోదించింది. అది పోస్ట్‌మ్యాన్ పద్ధతి. నేను ఒక పోస్టు రాస్తే, నన్ను అనుసరించేవాళ్లు ఏయే సర్వర్లలో ఉన్నారో చూసి, మా సర్వర్ ఆ సర్వర్ల పెట్టెల్లో తలా ఒక కాపీ వేసి వస్తుంది. ఎవరూ అనుసరించని సర్వర్‌కి నా ఉత్తరం వెళ్లదు.

బ్లూస్కైది ఏటీ ప్రోటోకాల్. ఇది వారపు సంత పద్ధతి. ఎవరి రాతలు వాళ్ల సొంత గాదెలో ఉంటాయి. రిలే అనేది ఒకటుంటుంది, అది అన్ని గాదెల నుంచీ కొత్త సరుకుని సంతకి తెచ్చి పోస్తుంది. మన ఫోన్‌లో కనిపించే యాప్ ఆ సంతలో ఏరుకొచ్చి మనకి చూపిస్తుంది. మంచి చెడ్డలు రెండిటికీ ఉన్నాయి. సంతలో వెతుక్కోవడం సులువు, ఎవరు ఏం రాసినా దొరుకుతుంది. పోస్ట్‌మ్యాన్ పద్ధతిలో చిన్న సర్వర్ వాళ్లకి చాలా జవాబులు కనబడవు, కానీ తక్కువ ఖర్చుతో ఇంట్లో పెట్టి నడుపుకోవచ్చు. ఏది గొప్ప అని రెండు వైపులా వాదించుకునేవాళ్లని చాలామందిని చూశాను. నాకైతే ఆ వాదన కంటే మా అన్నయ్యా నిజామాబాద్ ఆయనా ఒకచోట మాట్లాడుకోవడం ముఖ్యం.

పోస్టుమ్యాన్ సంతకి సరుకు మోయడు, సంత బండి ఇంటింటికీ ఉత్తరాలు పంచదు. మరి ఎలా? ఇది మా ఊరివాళ్లకి సులువుగా అర్థమవుతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900 నుంచి నౌపడకి నడిచేది, తర్వాత ఇటు గునుపురం దాకా పొడిగించారు. దాని పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. నౌపడ దగ్గర హౌరా–మద్రాసు మెయిన్ లైను, దాని వెడల్పు ఐదున్నర అడుగులు. మా బండి ఆ పట్టాల మీదికి ఎక్కదు, ఆ బండి ఇటు రాదు. నౌపడలో దిగాలి, కూలీ చేత సామాను మోయించుకుని ప్లాట్‌ఫారం మారాలి, పెద్ద బండి ఎక్కాలి. 2004లో చిన్న రైలు ఆగిపోయి, బ్రాడ్‌గేజ్ పడేదాకా మా పెద్దవాళ్ల ప్రయాణాలన్నీ అలాగే నడిచాయి. నాకు కావలసింది కూడా నౌపడ కూలీయే. ఇటు భాషలో ఉన్న పోస్టుని దించుకుని, అటు భాషలోకి ఎక్కించేవాడు. జవాబు వస్తే మళ్లీ ఇటు దించేవాడు.

అలాంటిది ఉంది. పేరు బ్రిడ్జీ ఫెడ్. అమెరికాలో రయాన్ బారెట్ అనే ప్రోగ్రామర్ రాశాడు. వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. మాస్టడాన్‌లో ఉన్నవాళ్లు ఆ వంతెన తాలూకు ఖాతాని అనుసరిస్తే చాలు, వాళ్ల బహిరంగ పోస్టులు బ్లూస్కైలో కనిపించడం మొదలవుతాయి. బ్లూస్కైలో ఉన్నవాళ్లు అక్కడున్న వంతెన ఖాతాని అనుసరిస్తే ఇటు కనిపిస్తారు. 2024 జూలైలో దీని గురించి చదివాను. ఆగస్టు 29, రామ్మూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆరోజుకల్లా వంతెన వేసి "చోడి"ని మళ్లీ పెట్టాలని అనుకున్నాను.

మా సర్వర్‌లో వెతికితే ఆ వంతెన ఖాతా అసలు కనబడలేదు. అక్షరం అక్షరం సరిచూసుకుని కొట్టాను, లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక సర్వర్ "గురించి" పేజీకి వెళ్లి చూశాను. ఆ సర్వర్ ఎవరెవరితో సంబంధం తెంచుకుందో ఆ జాబితా అక్కడ ఉంటుంది. అందులో వంతెన డొమైన్, అంటే దాని వెబ్ చిరునామా, ఉంది.

ఎందుకు ఆపారని సర్వర్ నడిపే ఆయన్ని అడిగాను. చాలా ఓపికగా జవాబిచ్చారు. 2024 ఫిబ్రవరిలో బారెట్ ఈ వంతెన ఆలోచన బయటపెట్టినప్పుడు, వద్దని చెప్పినవాళ్లని తప్ప మిగతా అందరినీ కలిపేసేలా ఉండేదట. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టి చర్చించుకునే గిట్‌హబ్‌లో మాస్టడాన్ జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు. అప్పుడు ఆయన పద్ధతి మార్చి, కావాలని అడిగినవాళ్లకే వంతెన అన్నాడు. మా సర్వర్ ఆ గొడవల్లో ఆపింది, తర్వాత ఎవరూ అడగలేదు కాబట్టి అలాగే ఉండిపోయింది. "నా ఒక్కడి నిర్ణయం కాదు, సభ్యులందరినీ అడుగుతాను" అన్నారు.

అప్పటికి నాకు విసుగ్గానే ఉంది. బహిరంగంగా రాసిన పోస్టు ఎవరైనా చదవొచ్చు కదా, అది పక్క నెట్‌వర్క్‌లో కనిపిస్తే నష్టం ఏమిటని అదే చర్చలో రాశాను కూడా. దానికి మా సర్వర్‌లోనే ఉండే విశాఖపట్నం ఆవిడ ఒకరు జవాబిచ్చారు. ఇంతకుముందు వేరే నెట్‌వర్క్‌లో ఆవిడ పోస్టుని ఎవరో ఎత్తుకెళ్లి వేరే గుంపులో పెడితే, వారం రోజులు బూతులు తిట్టారట. "నేను మా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నానండీ. దారిన పోయేవాళ్లు వింటారని తెలుసు. అదే మాట బస్టాండులో మైకులో వేస్తానంటే ముందు నన్ను అడగాలి కదా" అన్నారు. చదవగానే ధర్మాబాద్ అమ్మాయి గుర్తొచ్చింది. నేను చేసింది సరిగ్గా అదే. ఆ చర్చలో నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఇష్టపడినవాళ్లకే అన్న నియమం ఈ మొత్తం పనికి గుండెకాయ అని ఇప్పుడు నమ్ముతున్నాను. అది లేకపోతే మాటలు ఎన్ని ఊళ్లకి చేరినా నాకు వద్దు.

వేరే సర్వర్‌కి మారిపోవచ్చు కదా అని అన్నయ్య అన్నాడు. మాస్టడాన్‌లో ఖాతా మారిస్తే మనల్ని అనుసరించేవాళ్లు కొత్త చోటికి వస్తారు, రాసిన పోస్టులు మాత్రం పాత చోటే ఉంటాయి. ఒకసారి అన్నీ పోగొట్టుకున్నదాన్ని, మళ్లీ విడిచి వెళ్లడానికి చేతులు రాలేదు. ఆగాను. ఆగస్టు 29 అలాగే దాటిపోయింది. సెప్టెంబరు రెండో వారంలో సభ్యులు ఒప్పుకున్నారు. అడ్డు తీసేశారు. వంతెన అసలే వద్దనుకునేవాళ్లు తమ ఖాతా పరిచయంలో నోబ్రిడ్జ్ అనే హ్యాష్‌ట్యాగ్ పెట్టుకోవచ్చని ఆయన అందరికీ చెప్పారు. విశాఖ ఆవిడ పెట్టుకున్నారు.

ఇక అయిపోయిందనుకున్నాను. వంతెన ఖాతాని అనుసరించాను. ఏమీ జరగలేదు. నా ఖాతాకి ఫొటో లేదు, మొదటి నుంచీ పెట్టుకోలేదు. దొంగ ఖాతాలు రాకుండా ఆ వంతెన ఫొటో లేని వాటిని తీసుకోదు. నాన్న నోటుపుస్తకంలో "చ" అక్షరం పేజీని ఫొటో తీసి పెట్టాను. మళ్లీ అడిగాను. రెండు రోజులు చూశాను, మళ్లీ నిశ్శబ్దం. ఈసారి కారణం నా సెట్టింగుల్లో ఉంది. నన్ను ఎవరైనా అనుసరించాలంటే నేను ఒప్పుకోవాలని ఎప్పుడో పెట్టుకున్నాను. వంతెన ఖాతా తిరిగి నన్ను అనుసరిస్తానని అడిగి వరసలో నిలబడి ఉంది. అది ఎందుకు అనుసరించాలో పోస్ట్‌మ్యాన్ పద్ధతి గుర్తుంటే తెలుస్తుంది: అనుసరించినవాళ్ల పెట్టెలోనే ఉత్తరం పడుతుంది. నా ఉత్తరం దాని పెట్టెలో పడకపోతే అది అటు ఏం మోస్తుంది? ఒప్పుకున్నాను. కాసేపట్లో బ్లూస్కైలో నాకు కొత్త పేరు వచ్చింది. నా పేరు, చుక్క, సర్వర్ పేరు, దాని వెనక "ఏపీ డాట్ బ్రిడ్ డాట్ జీవై".

అన్నయ్యకి ఆ పేరు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "ఇదేటే, ఒడిశా మనిషికి ఏపీ అని పెట్టారు?" ఆంధ్రప్రదేశ్ కాదు, యాక్టివిటీపబ్‌కి పొట్టి పేరు అని చెప్పాను. "సరిహద్దు వాళ్లకి ఎక్కడికెళ్లినా ఈ బాధ తప్పదు" అన్నాడు.

పాత పోస్టులు వంతెన దాటవు, వేసుకున్న రోజు నుంచి రాసినవే వెళ్తాయి. అందుకని "చోడి"ని కొత్తగా రాసి పెట్టాను. బ్లూస్కైలో ఉన్న నా రెండో ఖాతా నుంచి చూస్తే కనిపించింది. తెలుగు అక్షరాలు ఒక్కటీ చెడలేదు, నాన్న చేతిరాత ఫొటో కూడా వెళ్లింది. చాలా సంతోషమేసింది. సాయంత్రం మళ్లీ అన్నయ్య ఫోన్. "పొద్దున్నే జవాబు రాశాను, సూడలేదా?" చూశాను, మాస్టడాన్‌లో ఏమీ లేదు. వాడు అటు వైపు వంతెన వేసుకోలేదు కాబట్టి వాడి జవాబు ఇటు రాదు. నా మాట వాడికి వినిపిస్తుంది, వాడి మాట నాకు వినిపించదు. వంతెన ఇద్దరూ వేసుకోవాలి. చిన్న విషయంలా ఉంది కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే. జవాబు రాసినవాళ్లు ఎదుటివాళ్లు పట్టించుకోలేదని అనుకుంటారు, ఎదుటివాళ్లు ఎవరూ రాయలేదని అనుకుంటారు. అపార్థాలు ఇక్కడ పుడతాయి. అందుకే ఇప్పుడు నా పరిచయంలోనే రాసి పెట్టాను: "బ్లూస్కైలో ఉన్నవాళ్లు జవాబిస్తే, మీరూ వంతెన వేసుకుంటేనే నాకు కనిపిస్తుంది."

అన్నయ్యని వెంటనే వేసుకోమని అనలేదు. ఏమవుతుందో చెప్పాను. వాడు అడిగినవి మంచి ప్రశ్నలు. పాతవన్నీ వెళ్లిపోతాయా? వెళ్లవు. తీసేస్తే అక్కడ కూడా పోతుందా? వంతెన ఆ కబురు అందిస్తుంది. కానీ అందుకున్న ప్రతి సర్వరూ మాట వింటుందని ప్రమాణం చేయలేం, మెయిల్ పంపాక వెనక్కి తీసుకోవడం లాంటిదే. మనకి మనం రాసుకునే ప్రైవేటు మెసేజీలు? అవి దాటవు, అనుచరులకి మాత్రమే అని పెట్టినవీ దాటవు. వద్దనుకుంటే? వంతెన ఖాతాని బ్లాక్ చేస్తే తెగిపోతుంది. రెండు రోజులు ఆలోచించుకుని వేసుకున్నాడు. వాడి మొదటి జవాబు మాస్టడాన్‌లో నా పోస్టు కిందకి వచ్చిన రాత్రి అమ్మకి చూపించాను. "మనోడే కదా, ఫోన్ చేసి చెప్పొచ్చు కదా" అంది అమ్మ. ఆ జవాబుని నిజామాబాద్ ఆయన కూడా చదువుతున్నారని చెప్పాక, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివింది.

పొడవు సంగతి ఒకటి చెప్పాలి. మాస్టడాన్‌లో మామూలుగా 500 అక్షరాలు రాసుకోవచ్చు, బ్లూస్కైలో 300. వంతెన పొడవైన పోస్టుని కత్తిరించి, చివర అసలు పోస్టుకి లింకు పెడుతుంది. ఇది తెలిసి కూడా పట్టించుకోలేదు నేను. "బుగత" మీద నాలుగు వందల పైచిలుకు అక్షరాలు రాశాను. భూమి ఉన్న ఆసామిని బుగత అనడం, ఆ మాటలో భయమూ మర్యాదా ఎలా కలిసి ఉండేవో అంతా రాసి, ఎప్పటిలాగే చివర "మీ వైపు ఏమంటారు?" అని అడిగాను. మాస్టడాన్ నుంచి ఆరు జవాబులు. బ్లూస్కై నుంచి ఇష్టపడినట్టు గుండె గుర్తులే తప్ప ఒక్క మాట లేదు. నాలుగు రోజుల తర్వాత అన్నయ్య ఫొటో తీసి పంపితే అర్థమైంది, వాళ్లకి ప్రశ్నే కనబడలేదు. అప్పటి నుంచి ప్రశ్న మొదటి వరుసలో పెడుతున్నాను, కథ తర్వాత.

అక్షరాలు ఎలా లెక్కపెడతారో కూడా అప్పుడే చూశాను, మన లిపికి అన్యాయం జరుగుతుందేమోనని. మనం ఒకే అక్షరంగా పలికే "స్త్రీ" కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు, అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం 18. ఆ లెక్కన కొలిస్తే ఇంగ్లీషువాళ్ల పక్కన మనకి మూడో వంతు చోటు కూడా మిగలదు. బ్లూస్కై అలా కొలవదు. కంటికి ఒక ముద్దగా కనిపించే అక్షరాల్ని లెక్కపెడుతుంది, అవి 300 దాటకూడదు. దాంతోపాటు మొత్తం 3000 బైట్లు దాటకూడదు. నా తెలుగు పోస్టులు ఒక్కసారి కూడా ఆ రెండో గోడకి తగల్లేదు. గుణింతాలూ ఒత్తులూ ఉన్న భాషలకి అన్యాయం జరగనందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను.

అక్టోబరులో "గెడ్డ" పెట్టాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంభాషణ అది. అప్పటికి బ్లూస్కైలో ఐదారుగురు వంతెన వేసుకున్నారు. మా వైపు కొండల్లోంచి వచ్చే చిన్న ఏరుని గెడ్డ అంటాం. నిజామాబాద్ ఆయన మాస్టడాన్ నుంచి "మాకు వాగు" అన్నారు. సిరోంచలో చదువుకునే కుర్రాడు బ్లూస్కై నుంచి "మాక్కూడా వాగే, బళ్లో మరాఠీలో ఓఢా అని రాస్తాం" అన్నాడు. ఈ ఇద్దరూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నారన్న సంగతి వాళ్లకే గుర్తు లేదు. తర్వాత నిజామాబాద్ ఆయన నన్ను కాదు, నేరుగా మా అన్నయ్యని అడిగారు: "ఎండాకాలం నీళ్లు లేకపోయినా గెడ్డ అనే అంటారా అండీ?" అన్నయ్య లేచి వెళ్లి పెద్దమ్మని అడిగాడు. పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాడు: "ఎండినా గెడ్డే. పేరు ఎండిపోద్దేటి?"

నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది. ఆ గంటలో నేను ఒక్క అక్షరం రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. నాన్న పుస్తకంలో "గెడ్డ" పక్కన ప్రశ్న గుర్తు ఉంది. పెద్దమ్మ మాట దాని పక్కన పెన్సిల్‌తో రాశాను.

అన్నీ ఇంత బాగా జరగవు. మధ్యలో వంతెన లేని మనిషి జవాబిస్తే, ఆయనకి ఇంకొకరు జవాబిస్తే, ఇటువైపు ఆ కొమ్మ మొత్తం కనబడదు. మెట్ల వరసలో ఒక మెట్టు ఊడిపోయినట్టు ఉంటుంది. మెటా వాళ్ల థ్రెడ్స్ కూడా యాక్టివిటీపబ్ భాష కొంత నేర్చుకుంది, ఆన్ చేసుకున్న ఖాతాల పోస్టులు మాస్టడాన్‌లో నేరుగా కనిపిస్తాయి, దానికి ఈ వంతెన అక్కర్లేదు. మా మేనకోడలు అందులో ఉంది గానీ ఇంకా ఆన్ చేసుకోలేదు. బలవంతం చేయను. బ్రిడ్జీ ఫెడ్ ఇప్పుడు ఎ న్యూ సోషల్ అనే లాభాపేక్ష లేని సంస్థ కింద నడుస్తోంది. అది రేపు ఆగిపోతే మాటలు మళ్లీ రెండు గదుల్లోకి వెళ్తాయి, అయినా ఎవరి గదిలో వాళ్ల మాటలు ఉంటాయి. నేను నెలకోసారి మాస్టడాన్ నుంచి నా పోస్టుల ప్రతిని దించుకుంటాను. జవాబులు అందులో రావు కాబట్టి, రాసినవాళ్లని అడిగి, ఒప్పుకుంటే మూడో నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాను. ఎవరి నోట, ఏ ఊళ్లో అన్నది నాన్న రాసినట్టే రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు "అంబలి" పెట్టాను, ప్రశ్న మొదటి వరుసలోనే: మీ ఇంట్లో దేంతో కాస్తారు? మధ్యాహ్నం ట్యూషన్ పిల్లలు వెళ్లాక చూస్తే మాస్టడాన్‌లో కొత్త జవాబు ఒకటి ఉంది. పేరు చివర బ్లూస్కై వంతెన గుర్తు ఉంది. ధర్మాబాద్ అమ్మాయి. తనే వంతెన వేసుకుంది, నాకు ముందు చెప్పలేదు.

"అక్కా, మా దగ్గర తైదల అంబలి" అని రాసింది. కింద నిజామాబాద్ ఆయన అప్పటికే జవాబిస్తున్నారు.